నోట్లో నిప్పుతో మాట్లాడుకున్నవాళ్ళు

ఫోన్లో జోగయ్య అన్నిటికీ "సరే, సరే" అంటున్నాడని గురమ్మకి కొన్నాళ్ళుగా అనుమానం. మొగుడు ఎదురు చెప్పకుండా సరే అనడం ఏ ఇల్లాలికైనా సంతోషమే గానీ, జోగయ్య అలాంటి మనిషి కాదు. పెళ్ళైన నాటి నుంచీ ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. అలాంటివాడు గుజరాత్‌లో వేరావల్ రేవు నుంచి, బోటు మీద కూర్చుని ఫోన్ చేసి, ఆమె ఏం చెప్పినా ఒప్పేసుకుంటుంటే ఎక్కడో తేడా కొట్టింది. ఓ సాయంత్రం పరీక్ష పెట్టింది.

"ఇలాగెన్నాళ్ళు? సముద్రంలో పడి సచ్చిపోనా?" అని అడిగింది.

"సరే, సరే. అలాగే కానీ. ఒంట్లో జాగర్త," అన్నాడు జోగయ్య.

గురమ్మకి ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఫోన్ కోడలు హేమ చేతికిచ్చేసి, పెరట్లోకి వెళ్ళి, ఆరబోసిన నెత్తళ్ళ చేపల పక్కన చతికిలబడి ఏడ్చింది. ఏడవడం కూడా ఆమెకి ఇప్పుడు సరిగ్గా రాదు. ముక్కూ నోరూ గొంతూ గోడల్లేని ఒకే గది అయిపోయాయి. ఒకచోట నీరు పొంగితే అన్నిచోట్ల నుంచీ కారుతుంది. కొంగుతో ఏది తుడుచుకోవాలో తెలియక మొహమంతా తుడుచుకుంది.

జోగయ్యని అని లాభం లేదు. బోటు ఇంజను చప్పుడు ఒకటి, గాలి హోరు ఒకటి. వాటన్నిటికీ మించి గురమ్మ మాట. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి, సందర్భం చూసి, సగం ఊహించుకోవచ్చు. వేట నిషేధం రోజుల్లో ఇంటికొచ్చినప్పుడు జోగయ్య అలాగే నెట్టుకొచ్చాడు. ఫోన్లో పెదాలు కనబడవు కదా. మొహం కనిపించేలా ఫోన్ చెయ్యమని హేమ చెప్పింది గానీ గురమ్మ ఒప్పుకోలేదు. ఒక చెంప లోపలికి పోయి, మెడ నల్లగా కమిలిన ఈ మొహాన్ని గుజరాత్ దాకా పంపడం ఎందుకని.

ఇదంతా అంగిట్లో ఒక తెల్లమచ్చతో మొదలైంది. మొదట పులుసు తింటే మండేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగింది. ఒంటికి పడలేదనుకుని కారం తగ్గించింది. తర్వాత మచ్చ పుండైంది. పుండు మీద పసుపు అద్దింది, వేపాకు నమిలింది, గంగమ్మకి మొక్కుకుంది, ఆస్పత్రి తప్ప అన్నీ అయ్యాయి. చివరికి పై పన్ను ఒకటి దానంతటదే ఊగి చేతిలోకి వస్తే అప్పుడు విశాఖపట్నం వెళ్ళారు. అక్కడ అంగిలిలో సగం, దానితోపాటు పై పళ్ళు కొన్ని తీసేశారు. మెడ పక్కన కోసి గడ్డలు తీశారు. ఆ తర్వాత వారాల తరబడి కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. కేన్సరు పోయింది. ఆ మాట డాక్టర్లు నవ్వుతూ చెప్పారు, ఇంటికి వెళ్ళి అందరికీ చెప్పుకోమన్నారు. చెప్పుకోవడానికి నోరేదీ?

పోయిన అంగిలికి బదులు ఒక ప్లేటు ఇచ్చారు. గులాబీ రంగు ప్లాస్టిక్కు, పళ్ళసెట్టులాంటిది. అది పెట్టుకుంటే మెతుకు గొంతులోకి దిగుతుంది, మాట కొంచెం మాటలా వస్తుంది. తీస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాటంతా ముక్కులోకి పోతుంది. అసలు మనిషే చిక్కిపోయేసరికి ఆ ప్లేటు కూడా ఇప్పుడు వదులైంది. బిగిస్తాం రమ్మన్నారు గానీ వెళ్ళలేదు. కరెంటు పెట్టిన దగ్గర్నుంచీ నోట్లో ఉమ్మి ఊరదు. చేతిలో నీళ్ళ సీసా లేకుండా గడప దాటదు. నాలుక మీద పండుగప్ప పెట్టినా, గుప్పెడు ఇసుక పెట్టినా ఒకటే. దవడ బిగుసుకుపోకుండా రోజూ ఐసు పుల్లలు కట్టగా చేసి పళ్ళ మధ్య దూర్చుకుని నోరు సాగదీయమన్నారు. ఆ పని మాత్రం మానలేదు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నౌపడా దాకా నడిచిన మనిషికి ఇప్పుడు కుడిచెయ్యి భుజం దాటి లేవదు. తలదువ్వుకోవడానికి కూడా హేమ రావాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. గురమ్మ నోరు చెడ్డాక భావనపాడేమీ చెడ్డది కాలేదు. జబ్బులో ఉన్నప్పుడు వచ్చి చూశారు, పళ్ళు తెచ్చారు, ఆ పళ్ళు తను తినలేదని తెలిసి వాళ్ళే నొచ్చుకున్నారు. ఇప్పటికీ ఎదురైతే పలకరిస్తారు. కాకపోతే గట్టిగా అరిచి పలకరిస్తారు, పోయింది చెవులైనట్టు. ఆమె బదులిస్తే అర్థమైనట్టు తలూపి, పనుందని వెళ్ళిపోతారు. ఇంకో సంగతి కూడా గురమ్మ గమనించింది. ఈ ఊళ్ళో ఇద్దరు కలిస్తే ముందు వచ్చే మాట "తిన్నావేటి?" అన్నదే. ఆ మాట ఆమెని అడగడం అందరూ మానేశారు. తినలేని మనిషిని తిన్నావా అని అడగడం పుండు మీద కారం చల్లినట్టని వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఆ మంచితనమే ఆమెని రోజూ కొంచెం కొంచెంగా చంపుతోంది.

హేమ కూడా మంచిపిల్లే. మొగుడు ఈశ్వర్ తండ్రి జోగయ్యతోపాటు వేరావల్‌లో ఉంటే, తను రొయ్యల కంపెనీలో పని చేసుకుంటూ అత్తకి విడిగా మెత్తటి గంజి, చోడి అంబలి కాచి పెడుతుంది. గిన్నె వంటింటి వెనక పెట్టి, పక్కన చిన్న అద్దం పెట్టి, తను అవతలికి వెళ్ళిపోతుంది. అత్త ముక్కులోంచి గంజి కారడం తను చూడకూడదని. గురమ్మ గోడవైపు తిరిగి, అద్దంలో చూసుకుంటూ తింటుంది. గుటకకి ముందు తల ఒక పక్కకి వంచాలి, మింగాక నీళ్ళు పుక్కిలించాలి, ప్లేటు తీసి కడగాలి. ఒక గిన్నె అంబలికి పొద్దెక్కిపోతుంది. మర్యాద కోసం అందరూ ఆమెని వదిలేశారు. అమర్యాదగా వచ్చి పక్కన కూర్చునే మనిషి ఒక్కర్తే ఉండేది. ఆ మనిషీ రావడం మానేసింది.

ఆ మనిషి లక్ష్మణమ్మ. చుట్టరికం లేదు గానీ గురమ్మ ఆమెని వదినా అని పిలుస్తుంది. వీధిలో ఎదురెదురు ఇళ్ళు. వయసులో లక్ష్మణమ్మ కాస్త పెద్ద. ఇద్దరూ ఈ ఊరి కోడళ్ళుగా వచ్చిన ఏడాదే పక్కింటి ముసలమ్మ దగ్గర అడ్డపొగ నేర్చుకున్నారు.

ఈ తీరంలో ఆడవాళ్ళు చుట్ట కాల్చే తీరు తెలియనివాళ్ళు మొదటిసారి చూస్తే హడలిపోతారు. చుట్టకి నిప్పు ముట్టించి, ఆ నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. అదే అడ్డపొగ. సముద్రపు గాలికి బయటి నిప్పు నిలవదని కొందరంటారు. ఒళ్ళో పిల్ల మీద నిప్పురవ్వ పడదని కొందరు. మావగారు ఎదురైతే చుట్ట కనబడదని ఇంకొందరు. ఎవరికి నచ్చిన కారణం వాళ్ళది. నోరు కాలదా అంటే నవ్వుతారు. కాలిందని తెలిసేనాటికి నవ్వే నోరు ఉండదు.

నోట్లో నిప్పున్నప్పుడు మాట్లాడాలంటే నాలుకని అడుగున అణిచిపెట్టాలి, పెదాలు కదిపీ కదపకుండా ఉంచాలి. మాట ముక్కులోంచీ గొంతులోంచీ వస్తుంది. వినేవాళ్ళకి అది మాటలా ఉండదు, మూలుగులా ఉంటుంది. తెల్లారకముందే తట్టలెత్తుకుని టెక్కలి మార్కెట్‌కి వెళ్ళే దారి పొడుగునా గురమ్మా లక్ష్మణమ్మా ఆ మూలుగులతోనే మాట్లాడుకునేవారు. ముందు నడిచి, తర్వాత ఆటోల్లో, జీవితమంతా అలాగే. అత్తలు పక్కనే ఉండగా అత్తల మీద చాడీలు చెప్పుకున్నారు. మొగుళ్ళు వింటుండగా మొగుళ్ళని తిట్టుకున్నారు. పక్కనున్నవాళ్ళకి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఒకరి నిప్పుమాట ఒకరికి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు.

అందుకే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, గురమ్మ నోరు తెరిచి ఏదో అంటే మొగుడూ కోడలూ దిక్కులు చూస్తుంటే, గుమ్మంలో నించున్న లక్ష్మణమ్మ మామూలుగా జవాబు చెప్పింది. "ఆఁ, నీ వలలూ తట్టలూ లోపలెట్టీసినాను, కంగారు పడకు" అంది. గురమ్మ అడిగింది సరిగ్గా అదే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కోసినా, కుట్టినా, గురమ్మకి మిగిలిన మాట పాత నిప్పుమాటే. గురమ్మకి ప్రాణం లేచొచ్చింది. గంజి పోయడానికి ముక్కులో గొట్టం ఉన్నన్నాళ్ళూ లక్ష్మణమ్మే ఆమెకి నోరు. డాక్టరమ్మ ఫోన్ చేసినా, పక్కవీధి వాళ్ళొచ్చినా, గురమ్మ మూలిగితే లక్ష్మణమ్మ తర్జుమా చేసేది, మధ్యలో తన మాట రెండు కలిపి మరీ.

తర్వాత ఒక్కసారిగా రావడం తగ్గించింది. గొట్టం తీసేసి గురమ్మ నోటితో తినడం మొదలుపెట్టిన రోజుల్లోనే. వీధిలో కనబడితే సందులోకి మళ్ళేది. ఓ రోజు నూతి దగ్గర దొరికితే గురమ్మ ఏమైందని అడిగింది. లక్ష్మణమ్మ కళ్ళు దించుకుని, "ఏటంతన్నావో తెలీడం నేదే" అంది. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గురమ్మకి కత్తికోత కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఊరంతా తెలీడం లేదంటే సరే. నీకు తెలీకపోవడమేమిటి? అసహ్యం పుట్టిందనుకుంది. గంజి కారే మొహం పక్కన కూర్చోవాలంటే ఎవరికి మాత్రం బాగుంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరితోనూ అనలేదు. అందామన్నా వినేదెవరు?

అలా ఉండగా ఆ వీధిలోనే ఉండే కూర్మయ్య కొత్త బోటు నీళ్ళలోకి దించాడు. వీధంతా భోజనాలు. గురమ్మనీ పిలిచారు, వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళింది. బంతిలో కూర్చోలేదు. మంచినీళ్ళ డ్రమ్ముల వెనక నీడలో, సీసా పట్టుకుని నించుంది. తినేవాళ్ళందరికీ ఆకు తప్ప ఇంకేమీ కనబడదు. తినని మనిషికి అందరూ కనబడతారు.

లక్ష్మణమ్మ రెండో వరసలో ఉంది. చేపల పులుసు వడ్డిస్తే ఒక్క మెతుకుకి అంటించుకుని నోట్లో పెట్టింది. కనురెప్పలు టకటక కొట్టుకున్నాయి. అటూ ఇటూ చూసి, చేప ముక్కని ఆకు కింద దాచేసింది. అన్నంలో మజ్జిగ పోయించుకుని, పిసికి పిసికి జారుగా చేసింది. ప్రతి ముద్దనీ నోట్లో ఒక పక్కకే పెట్టుకుని, తల కొంచెం వంచి మింగింది. పక్కావిడ ఏదో అడిగితే నవ్వేసి, ఆకలి లేదన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ మింగడం గురమ్మకి తెలుసు. తను ఆస్పత్రికి వెళ్ళకుండా గడిపిన నెలలన్నీ అలాగే మింగింది. ఆ చేప ముక్కని దాచడమూ తెలుసు. సీసా మూత పెట్టడం కూడా మర్చిపోయి అలాగే నించుండిపోయింది. వదినకి తనంటే అసహ్యం కాదు. వదిన నోట్లో మచ్చ ఉంది. గురమ్మ చూస్తే కనిపెట్టేస్తుందని తప్పించుకు తిరుగుతోంది. అన్నాళ్ళూ మనసులో మోసిన కోపం ఎటు పోయిందో తెలియలేదు, దాని చోట భయం వచ్చి కూర్చుంది. తనకి పన్ను ఊడేదాకా తెలివి రాలేదు. వదినకి ఇంకా మజ్జిగన్నం దశే. ఇప్పుడే చూపిస్తే చిన్న కోతతో పోవచ్చు, అంగిలి మిగలొచ్చు. ఇంకొన్నాళ్ళాగితే ఈ వీధిలో గోడవైపు తిరిగి తినేవాళ్ళు ఇద్దరవుతారు.

ఆ సాయంత్రమే హేమకి చెప్పింది. లక్ష్మణమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి అంది. హేమకి ఆస్పత్రి అన్నది ఒక్కటే తెలిసింది. పాపం కంగారుపడి, విశాఖపట్నం ఫోన్ చేసి, అత్తకి డాక్టర్ని చూసే రోజు తీసుకుంది. గురమ్మ నెత్తి కొట్టుకుంది. రాసి చూపిద్దామంటే అక్షరం ముక్క రాదు. చేతులు తిప్పి, ఎదురిల్లు చూపించి, తన నోరు చూపించి, చివరికి ఎలాగో అర్థమయ్యేలా చేసింది. హేమ వెళ్ళి అడిగొచ్చింది. రాయిలా ఉన్నాను, నాకేం రోగమని లక్ష్మణమ్మ కేకలేసిందట. కోడలు చెప్పిన మాట ఎవరు నమ్ముతారు, ఎవరు కదులుతారు.

మర్నాడు గురమ్మే వెళ్ళింది. లక్ష్మణమ్మ కోడలు గుమ్మంలోనే అడ్డుపడి, అత్త ఊళ్ళో లేదంది. పెరటిగోడ మీదుగా సన్నటి చుట్టపొగ లేస్తోంది. నిప్పు లేనిదే పొగ రాదు. గురమ్మ ఆ పొగ వైపు చూసింది, కోడలు వైపు చూసింది, వెనక్కి తిరిగింది. ఇంట్లో దాక్కుంటే ఎలాగూ దొరకదు. దాక్కోవడానికి వీల్లేని చోటు ఒకటుంది.

టెక్కలి మార్కెట్‌కి గురమ్మ వెళ్ళి ఏడాది దాటింది. ఆటోలో అందరూ తననే చూస్తున్నట్టనిపించి దారంతా కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. చేపల వరసలో లక్ష్మణమ్మ పాత చోటే కూర్చుంది, నోట్లో నిప్పుతో. ఆమె పక్కన ఒక గోనెపట్టా పరిచి ఖాళీగా ఉంది. అది గురమ్మ చోటు. మార్కెట్‌లో జానెడు నేల కోసం జుట్లు పట్టుకునే రోజుల్లో, ఆ చోట ఇన్నాళ్ళూ ఇంకెవర్నీ కూర్చోనివ్వకుండా వదిన కాపాడింది. గురమ్మ వెళ్ళి ఆ పట్టా మీద కూర్చుంది.

లక్ష్మణమ్మ తట్టలోని కవళ్ళ చేపల్ని అటు పేర్చి ఇటు పేర్చింది. నోరు చూపించమని గురమ్మ అడిగింది. ఏమంటోందో తెలియడం లేదంది లక్ష్మణమ్మ, గిరాకీ వైపు చూస్తూ. గురమ్మ మళ్ళీ అడిగింది. అదే జవాబు. మూడోసారి బతిమాలింది. ఎండలో అరవకు, నీరసపడిపోతావని సలహా ఇచ్చింది మహాతల్లి.

గురమ్మకి ఒళ్ళు మండింది. ఎదురు వరసలో లక్ష్మణమ్మ ఆడబడుచు రొయ్యలమ్ముతోంది. ఆమెని ఓసారి చూసి, గురమ్మ ఉన్న గొంతంతా పెట్టి, ముక్కుతో అంది: "మీ అత్త గంగమ్మ తల్లికి మొక్కిన పుంజుని కుక్క ఎత్తుకుపోనేదని, కడుపుతో ఉన్నప్పుడు నువ్వు కోరుకుంతే మనిద్దరం కూర వండుకు తినీసినామని మీ ఆడబడుచుకి సెప్పీమంతావా?"

లక్ష్మణమ్మ చేతిలో కవళ్ళు జారిపోయాయి. చేపల చేత్తోనే గురమ్మ నోరు మూసేసింది. "ఒసే, నోర్ముయ్యే!" అంది.

ఆ ఏడాది వేట పడకపోతే, పుంజు పాపం ఎవరిదని వీధంతా తగువులాడుకుంది. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్న రహస్యం అది. ఎదురుగా ఉన్న ఆడబడుచు తలెత్తి, గురమ్మ ఏమంటోందని అడిగింది. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మార్కెట్‌లో ఎవరికీ కాలేదు. ఒక్క లక్ష్మణమ్మకే అయింది. అయిందని ఇప్పుడు ఇద్దరికీ తెలిసిపోయింది.

లక్ష్మణమ్మ నవ్వింది. నవ్వుతుంటే చుట్ట పట్టా మీద పడింది. నవ్వు అలాగే ఏడుపైంది. "నిన్ను సూస్తే రేపటి నన్ను సూసినట్టుంతాదే. అందుకే రానేదు" అంది.

"అయితే బాగా సూడు," అంది గురమ్మ. "రేపు ఇలాగవకుండా ఇప్పుడే రా."

హేమ డాక్టరు దగ్గర తీసుకున్న రోజు ఇద్దరికీ పనికొచ్చింది. హేమకి కంపెనీలో సెలవు దొరక్కపోతే వాళ్ళిద్దరే బస్సెక్కారు. శ్రీకాకుళం దాటేదాకా లక్ష్మణమ్మ కిటికీ పక్కన కూర్చుని రొంటిన దోపుకున్న చుట్టల కట్టని తడుముకుంటూ ఉంది. ఇచ్చేయమని గురమ్మ చెయ్యి చాపింది. ఇవ్వలేదు. ఆస్పత్రి గేటు దాకా ఆ కట్ట అక్కడే ఉంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికైన మనిషి. లక్ష్మణమ్మ నోట్లో లైటు వేసి చూసి, అంగిలి మీద వేలితో నొక్కి, ఈ మచ్చ ఎన్నాళ్ళుగా ఉందని అడిగింది. లక్ష్మణమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"వారం, పదిరోజులవుతాదేమో తల్లీ. వేడి సేసినట్టున్నాది," అంది.

గురమ్మ ఉండబట్టలేక ముందుకి వంగి మాట్లాడింది. వదులైన ప్లేటు టకటకమంది, మాటంతా ముక్కులోకి పోయింది. డాక్టరమ్మ రెండుసార్లు వినడానికి ప్రయత్నించి, లాభం లేక లక్ష్మణమ్మ వైపు తిరిగింది.

"ఆవిడేమంటున్నారమ్మా?"

లక్ష్మణమ్మ తలుపు వైపు చూసింది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో మెరుస్తున్న కత్తెర్లని చూసింది. ఆ గదిలో ఆ భాష తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు చెప్పలేరు. రెండోవాళ్ళు ఏం చెబితే అదే నిజం. దాహమేస్తోందంటోంది అంటే చాలు, నీళ్ళిచ్చి ఊరుకుంటారు. గురమ్మ వెనక్కి జరిగి, వదిన మొహం వైపు చూస్తూ కూర్చుంది.

"నేను అబద్ధమాడతన్నానంతంది," అంది లక్ష్మణమ్మ చివరికి. "కూర్మయ్య బోటు దించకముందు నుంచీ ఉన్నాదంట. కారం తగిల్తే మండతాదంట. మంటని దాసుకుని తిరుగుతన్నానంట. అడ్డపొగ ఇంకా మాననేదంట." ఆగింది. రొంటిలోంచి చుట్టల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "అదన్నదంతా నిజమే తల్లీ."

డాక్టరమ్మ కోప్పడలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. ఏమొస్తుందో అప్పుడే చెప్పలేనంది, గట్టిపడలేదు గనక తొందరగానే వచ్చారనుకోవచ్చంది. మంట తగ్గినా చుట్ట ముట్టుకోవద్దని, ఫలితం వచ్చిన రోజు తప్పకుండా రావాలని రాసిచ్చింది. తర్వాత కుర్చీ తిప్పుకుని గురమ్మ వైపు చూసింది. పోయినసారి వచ్చినప్పుడు అన్నిటికీ కోడలే బాగానే ఉందని చెప్పేసిందనీ, ఈసారి మీరే చెప్పండనీ, అసలు ఏమేం ఇబ్బందులున్నాయనీ అడిగింది.

గురమ్మకి ఎవరో తలుపు తీసినట్టయింది. ఏడాదిగా లోపల పేరుకుపోయినవన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి. ఆమె మాట్లాడుతూ ఉంటే లక్ష్మణమ్మ వెనకాలే అందిపుచ్చుకుని చెబుతోంది, తట్టలెత్తుకుని నడిచినప్పటిలాగే అడుగులో అడుగేసుకుంటూ. ప్లేటు ఊగిపోతోందంట. నోట్లో తడి లేదంట, మాట్లాడుతుంటే నాలుక దవడకి అంటుకుపోతోందంట. ఐసు పుల్లలు రోజూ పెడుతోందంట, ఒక్క రోజు మానలేదంట. చెయ్యి లేవదంట. ఉప్పు తెలియదంట, అందుకే ఎండుచేపలకి ఉప్పు పట్టమని ఎవరూ పిలవరంట. ఫోన్లో మొగుడికి మాట అందదంట. డాక్టరమ్మ రాసుకుంటోంది. ప్లేటు సరిచేయిస్తానంది, భుజానికి వ్యాయామం చెప్పిస్తానంది, నోరు తడారకుండా పూసుకునే మందుందంది, రుచి కొంత రావచ్చు, అంతా రాకపోవచ్చంది.

గురమ్మ ఇంకో మాట అంది. చిన్న మాటే. అని, కొంగుతో మూతి తుడుచుకుంది.

లక్ష్మణమ్మ చెప్పలేదు. డాక్టరమ్మ కలం ఆపి ఎదురుచూసింది. ఏమన్నారని అడిగింది.

"ఒక్కర్తినే తింతన్నాను అంతంది," అంది లక్ష్మణమ్మ.

ఆ ఒక్క మాట మాత్రం ఆమె డాక్టరమ్మ వైపు కాదు, గురమ్మ వైపు చూసి చెప్పింది.